నీళ్ళలో స్ట్రోబ్ కొట్టడం లేదా? ఫైబర్ కేబుల్ వెంట వెతకండి

నీలాంకరై నుంచి పడవలో వెళ్ళి దిగిన ఒక ఉదయం, పదిహేను మీటర్ల లోతున రాతి అంచు మీద లయన్ ఫిష్ ఒకటి రెక్కలు విప్పుకుని కదలకుండా నిలబడింది. చెన్నై సముద్రంలో నీరు అంత తేటగా ఉండే రోజులు తక్కువ. బటన్ నొక్కాను. కెమెరాకి రెండు పక్కలా బిగించిన నీటి ఫ్లాష్‌లు, అంటే స్ట్రోబ్‌లలో, ఎడమది కొట్టింది, కుడిది కొట్టలేదు. మళ్ళీ నొక్కినా అంతే. చేప కుడి పక్కంతా నీడలోనే ఉండిపోయింది. ఇంటికొచ్చి కుడి కేబుల్ చివర భూతద్దం కింద పెట్టి చూస్తే, నమిలి పారేసిన వేపపుల్లలా నలిగి ఉంది. కత్తెరతో కోసింది నేనే.

ఫైబర్ కేబుల్‌లో కరెంటు ఉండదు, వెలుగు మాత్రమే పారుతుంది. కెమెరా ఫ్లాష్ మెరుస్తుంది. ఆ మెరుపు హౌసింగ్ (కెమెరాని నీళ్ళు తగలకుండా మూసే పెట్టె) కిటికీ దాటి కేబుల్లోకి దూరి, అవతలి కొసన స్ట్రోబ్ సెన్సర్‌కి తగులుతుంది. సెన్సర్ దాన్ని గుర్తుపట్టాకే స్ట్రోబ్ కొడుతుంది. ఏ సమస్య వచ్చినా ఈ మజిలీల్లో ఎక్కడో ఒకచోటే ఉంటుంది. అందుకే ఒకేసారి మూడు సెట్టింగులు మార్చకండి. ఒకటి మార్చండి, ఒక ఫోటో తీయండి, ఏమైందో చూడండి. ఈ పనంతా ముందురోజు రాత్రి ఇంట్లో, లైటు ఆర్పిన గదిలో చేసుకోవాలి. పడవ మీద ఉప్పుచేతులతో చేసే పని కాదిది.

ఒకటి కొడుతుంది, రెండోది కొట్టదు

ముందు స్ట్రోబ్ దగ్గర కేబుళ్ళు తారుమారు చేయండి. ఎడమది కుడికి, కుడిది ఎడమకి. ఇప్పుడు కూడా కుడి స్ట్రోబే కొట్టకపోతే తప్పు స్ట్రోబ్‌లో ఉంది: మోడ్, బ్యాటరీ, సెన్సర్ రంధ్రం చూడండి. జబ్బు ఎడమ స్ట్రోబ్‌కి మారితే తప్పు కేబుల్లోనో, హౌసింగ్ కిటికీ దగ్గరో ఉంది. అప్పుడు హౌసింగ్ వైపు కొసలు కూడా మార్చి చూస్తే ఆ రెండింట్లో ఏదో తేలిపోతుంది.

కేబుల్ మీద అనుమానం వస్తే ఒక కొసకి ఫోన్ టార్చ్ ఆనించి, రెండో కొసని అరచేతికి దగ్గరగా పట్టుకోండి. మంచి కేబుల్ అయితే చేతి మీద నిండు చుక్క పడుతుంది. చుక్క మసకగా ఉన్నా, ఒక పక్కే వెలిగినా కొస పాడైనట్టు. కేబుల్ మధ్యలో ఎక్కడైనా వెలుగు బయటికి కారుతుంటే అక్కడ మడత పడిందని అర్థం. 1 మి.మీ. ఒంటి పోగు ప్లాస్టిక్ ఫైబర్‌ని 25 మి.మీ. వ్యాసార్థం కన్నా బిగుతుగా వంచితే వెలుగు పక్కకి జారిపోతుంది. 613 సన్నపోగులు కలిపి చేసిన ఫైబర్ చాలా ఎక్కువ వంపు తట్టుకుంటుంది. స్ట్రోబ్‌ని పట్టుకునే చేతులు మడిచి మడిచి మాక్రో (చిన్న జీవుల దగ్గరి ఫోటోలు) తీసేవాళ్ళు ఆ రకమే కొనుక్కోవాలని నా మాట. ధర ఎక్కువే, కానీ మడతల బెడద తగ్గుతుంది.

కొస పాడైతే కేబుల్ పారేయక్కర్లేదు. కొత్త షేవింగ్ బ్లేడు తీసుకోండి, కింద చెక్కపలక పెట్టండి, కేబుల్‌కి నిట్టనిలువుగా ఒక్క నొక్కుతో కోయండి. రంపంలా ముందుకీ వెనక్కీ లాగితే పోగు పగుళ్ళు తీస్తుంది. తర్వాత 2000 నంబరు వాటర్ ఎమరీ పేపర్‌ని తడిపి, గాజు మీద పరిచి, కొసని నిలువుగా పట్టుకుని ఎనిమిది అంకె ఆకారంలో పది పదిహేను సార్లు తిప్పండి. మొదట్లో పాలలా తెల్లగా కనిపించే కొస క్రమంగా అద్దం బిళ్ళలా మెరుస్తుంది. ఆ మెరుపు వచ్చేదాకా వదలకండి. ప్లగ్‌లో బిగించేటప్పుడు కొస లోపలికి కుంగిపోకుండా, ప్లగ్ అంచుతో సమానంగా ఉండాలి.

విడి కేబుల్ కోసం నేను చెన్నైలో ఎలక్ట్రానిక్స్ దొరికే రిచీ స్ట్రీట్‌కి వెళ్తాను. ఆడియో వ్యవస్థలకి వాడే టాస్‌లింక్ ఆప్టికల్ కేబుల్లో ఉండేది కూడా 1 మి.మీ. ప్లాస్టిక్ ఫైబరే. రెండు చివర్ల ప్లగ్గులు కోసేస్తే అత్యవసరానికి పనికొస్తుంది. పై తొడుగు మందం మీ స్ట్రోబ్ ప్లగ్ రంధ్రానికి సరిపోతుందో లేదో కొలిచి కొనండి.

రెండూ మెరుస్తాయి, ఫోటో మాత్రం నల్లగా వస్తుంది

నెల్లూరు నుంచి మాతో డైవింగ్‌కి వచ్చే తమ్ముడు ఒకడు రాత్రి పదకొండింటికి ఫోన్ చేశాడు. "అన్నా, స్ట్రోబ్ కొడతానే ఉంది గదా, ఫోటో ఎందుకు నల్లగా వస్తోంది?" కెమెరాలో ఫ్లాష్ ఏ మోడ్‌లో ఉందని అడిగితే టీటీఎల్ అన్నాడు. సంగతి అక్కడే తెలిసిపోయింది.

టీటీఎల్ అంటే ఫ్లాష్ వెలుగు ఎంతో కెమెరాయే నిర్ణయించే మోడ్. అందులో కెమెరా ముందు ఒక చిన్న ప్రీ-ఫ్లాష్ కొట్టి వెలుగు కొలుచుకుంటుంది, ఆ తర్వాతే అసలు ఫ్లాష్. మన కంటికి రెండూ ఒకే మెరుపు. స్ట్రోబ్ మామూలు మాన్యువల్‌లో ఉంటే మొదటి మెరుపుకే కొట్టేస్తుంది. షట్టర్ తెరుచుకునేసరికి దాని పని అయిపోయి ఉంటుంది.

పరిష్కారం ఒక్కటే: రెండు వైపులా ఒకే మాట మీద ఉండాలి. కెమెరా ఫ్లాష్‌ని మాన్యువల్‌లో పెట్టగలిగితే పెట్టండి, స్ట్రోబ్‌ని ప్రీ-ఫ్లాష్ లేని మోడ్‌లో ఉంచండి. సోనీ ఆర్‌ఎక్స్100 వరసలో ఆ సౌకర్యం లేదు, అవి ప్రీ-ఫ్లాష్ కొట్టే తీరతాయి. వాటితో స్ట్రోబ్‌నే ప్రీ-ఫ్లాష్‌ని వదిలేసే మోడ్‌కి మార్చాలి. తలకిందులైనా చిక్కే. కెమెరా ఒక్కసారే మెరుస్తుంటే, వదిలేసే మోడ్‌లో ఉన్న స్ట్రోబ్ రెండో మెరుపు కోసం ఎదురుచూస్తూ కూర్చుంటుంది. ఎర్రకళ్ళు తగ్గించే సెట్టింగు ఆపేయండి, అది అదనపు మెరుపులు పుట్టిస్తుంది.

మీ కెమెరా ప్రీ-ఫ్లాష్ కొడుతోందో లేదో తెలియకపోతే, షట్టర్ 1 సెకనుకి తగ్గించి, ఫ్లాష్‌ని రియర్ కర్టెన్‌లో (షట్టర్ మూసుకునే ముందు మెరిసే సెట్టింగు) పెట్టి గోడ వైపు కొట్టండి. ప్రీ-ఫ్లాష్ ఉంటే రెండు మెరుపులు విడివిడిగా కనిపిస్తాయి. ఆ తమ్ముడికి ఫోన్లోనే ఇది చేయించాను. "రెండు వచ్చినాయన్నా" అని అరిచాడు.

రెండూ అసలు కొట్టవు

పాప్-అప్ ఫ్లాష్ లేపకుండానే హౌసింగ్ మూసేశారేమో ముందు చూడండి. చాలాసార్లు ఇదే. తర్వాత సైలెంట్ షట్టర్, బర్స్ట్ (వరసగా ఫోటోలు), బ్రాకెటింగ్ (ఒకే దృశ్యం వేర్వేరు వెలుగుల్లో): వీటిలో చాలా కెమెరాలు ఫ్లాష్‌ని ఆపేస్తాయి. పాప్-అప్ లేని కెమెరా మీద ఎల్‌ఈడీ ట్రిగ్గర్ (ఫ్లాష్‌కి బదులు కేబుల్లోకి మెరుపు పంపేది) వాడుతుంటే దాని బటన్ సెల్ మార్చండి. అది నీరసపడితే ట్రిగ్గర్ వెలుగుతుంది కానీ, ఆ వెలుగు సెన్సర్‌ని లేపేంత ఉండదు.

ఒకసారి కొడుతుంది, ఒకసారి ఎగ్గొడుతుంది

ఎక్కువగా కెమెరా ఫ్లాష్ ఊపిరి తీసుకోలేకపోవడమే. ఫుల్ పవర్‌లో కొడితే మళ్ళీ నిండడానికి కొన్ని సెకన్లు పడుతుంది, పైగా హౌసింగ్ లోపల వేడి పెరిగి అద్దానికి ఆవిరి పడుతుంది. కేబుల్‌కి అంత వెలుగు అక్కర్లేదు. మాన్యువల్‌లో ఫుల్ పవర్‌లో 1/32 వంతుకి తగ్గించి చూడండి. ఆ వెలుగు చాలకపోతే 1/16. స్ట్రోబ్‌లో బ్యాటరీలు నాలుగూ ఒకే వయసువి, ఒకేసారి చార్జ్ చేసిన నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్స్ కావాలి. ఒక్క ముసలి సెల్ మిగతా మూడింటినీ కిందికి లాగుతుంది. రెడీ లైటు వెలగకముందే నొక్కితే స్ట్రోబ్ కొట్టదు, అది జబ్బు కాదు.

లోతున బాగుంటుంది, పైపైన ఎండలో కొట్టదు

సెన్సర్ వెతికేది వెలుగు హఠాత్తుగా పెరగడాన్ని. మూడు నాలుగు మీటర్లలో మిట్టమధ్యాహ్నపు ఎండ ప్లగ్ సందుల్లోంచి లోపలికి దూరితే కేబుల్ తెచ్చే మెరుపు అందులో కలిసిపోతుంది. ప్లగ్ చుట్టూ నల్ల టేపు గట్టిగా చుట్టండి. పక్కవాళ్ళ స్ట్రోబ్‌కి మీది కొడుతుంటే కూడా కారణం ఈ సందులే, మందూ ఇదే. ప్లగ్ లోపల నీళ్ళు చేరాయని మాత్రం కంగారు పడొద్దు. అక్కడ నీరు ఉండటం మామూలే.

సగం ఫోటో నల్లటి పట్టీ

ఇది కేబుల్ తప్పు కాదు. షట్టర్ వేగం సింక్ పరిమితి (ఫ్లాష్‌తో వాడగల గరిష్ఠ వేగం) దాటింది. మార్చుకునే లెన్సుల కెమెరాల్లో అది సాధారణంగా 1/160 నుంచి 1/250 సెకను మధ్య ఉంటుంది.

వానాకాలం తర్వాత మొదటి డైవ్‌లో ఏదీ పనిచేయదు

అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య రుతుపవనాలతో ఇక్కడి సముద్రం పొంగుతుంది. సామాను మూడు నెలలు బీరువాలో, ఈ ఊరి ఉక్కలో పడి ఉంటుంది. సంక్రాంతి కాగానే తీసి చూస్తే సెన్సర్ రంధ్రంలో ఉప్పు గట్టిపడి ఉంటుంది, బ్యాటరీ పలకల మీద పచ్చటి చిలుం. బ్యాటరీ మూత బిగించి, స్ట్రోబ్‌ని ఒక రాత్రి మంచినీళ్ళలో నానబెట్టి, మెత్తని బ్రష్‌తో సెన్సర్ రంధ్రం తుడవండి. పూర్తిగా ఆరాకే మూత తీసి, చిలుముని దూదికి కొద్దిగా వెనిగర్ అద్ది తుడిచి, మళ్ళీ పొడిగుడ్డతో ఆరబెట్టండి. బీరువాలో పెట్టేముందే సెల్స్ తీసేసి ఉంటే ఆ పచ్చదనం చాలామటుకు రాదు.