నల్ల ఉన్నిని నీళ్లలో పెట్టే ముందు

గుంటూరు చుట్టుపక్కల గొర్రెలకు కొదవ లేదు. ఇంట్లో ఉతికి దారం వడకడానికి పనికొచ్చే ఉన్నికే కొదవ. మన పల్లెల్లో కనిపించే నెల్లూరు గొర్రె, మాచర్ల గొర్రె మాంసం కోసం పెంచేవి. వాటి ఒంటి మీద ఉండేది పొట్టి వెంట్రుక, ఉన్ని కాదు. నున్నగా జారిపోయే ఆ వెంట్రుకను ఎంత మెలితిప్పినా దారమై నిలవదు. అందుకే మాంసం కొట్టు దగ్గర బొచ్చు అడిగి తెచ్చుకుందామనే ఆలోచన ఉంటే ఇప్పుడే మానుకోండి. మనకు కావలసింది దక్కనీ గొర్రె ఉన్ని. పాలమూరు, నారాయణఖేడ్, అనంతపురం వైపు మందల్లో కనిపించే నల్ల గొర్రెలవి. గొంగడి నేసేది ఈ ఉన్నితోనే. ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తారు. రెండూ కలిపినా ఒక్కో గొర్రెకు అరకిలో అటూ ఇటూగా వస్తుంది.

నేను పాలమూరు వైపు కాపరుల దగ్గర కొంటాను. వరి కోతలయ్యాక అక్కడి మందలు మన డెల్టా పొలాల్లోకి వస్తాయి. ఎరువు కోసం రైతులు పొలంలో మంద కట్టించుకుంటారు. మాటలు కలపడానికి అదే మంచి సమయం. "గొంగడి నేసేవాళ్లే అడగడం మానేశారు, మీకెందుకమ్మా ఈ బొచ్చు?" అని ఒక పెద్దాయన నవ్వాడు. ధర లేదు గదా అని ఉచితంగా మాత్రం తీసుకోకండి. కత్తిరింపు కూలి కూడా రావడం లేదని వాళ్లు చెప్పుకుంటున్నప్పుడు కిలోకు ఇంతని ఇచ్చి తీసుకోవడం మర్యాద. పైగా డబ్బులు ఇస్తేనే "పొట్ట కింది ఉన్ని వద్దు, తోక దగ్గరిది వద్దు" అని ధైర్యంగా చెప్పగలం. కత్తిరించే ముందు గొర్రెలను చెరువులో కడిగిన మంద దొరికితే మీ పంట పండినట్టే. పిల్లల మొదటి కత్తిరింపు ఉన్ని అన్నిటికన్నా మెత్తగా ఉంటుంది; అడిగి విడిగా కట్టించుకోండి.

ఒక్క విషయంలో మొహమాటం పనికిరాదు. చచ్చిన గొర్రె ఉన్ని, కబేళా నుంచి వచ్చిన ఉన్ని ఎవరు ఊరికే ఇచ్చినా తీసుకోవద్దు. ఆంత్రాక్స్, మన పల్లెల్లో దొమ్మ రోగం అనేది, గొర్రెల నుంచి మనుషులకు ఉన్ని ద్వారా కూడా వస్తుంది. దాని సూక్ష్మజీవుల బీజాలు ఏళ్ల తరబడి చావవు, ఇంట్లో మనం ఉతికే వేడికి అసలే చావవు. పశువైద్యుడు టీకాలు వేసిన, కళ్లముందు ఆరోగ్యంగా మేస్తున్న మంద నుంచే కొనండి. ముడి ఉన్ని ముట్టుకునేటప్పుడు చేతులకు తొడుగులు, ముక్కుకు మాస్కు ఉండాలి. చేతి మీద గాయం ఉంటే మానేదాకా ఆ పని పెట్టుకోకండి.

ఉన్ని తెచ్చే సంచి గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇది గుంటూరు. ఖాళీ గోతాం అనగానే మన ఊళ్లో చేతికొచ్చేది మిర్చి టిక్కీయే. ఆ ఘాటుకు పురుగు పట్టదులే అని అందులో ఉన్ని కుక్కేవాళ్లున్నారు. కారపు పొడి ఉన్నిలోకి దిగుతుంది, ఎన్ని జాడింపులకూ పూర్తిగా పోదు. వేడినీళ్లలో వేసిన రోజు ఇల్లంతా దగ్గుతుంది. బియ్యం సంచి గానీ పాత దుప్పటి గానీ తీసుకెళ్లండి. ప్లాస్టిక్ కవరులో బిగించి కట్టకండి, తేమకు లోపల మాగి కుళ్లు వాసన కొడుతుంది.

ఇక అసలు పని. ఉన్ని ఉతకడం గురించి వీడియోల్లో చూపించేది ఎక్కువగా మెరినో అనే విదేశీ గొర్రె ఉన్ని. దానికి జిడ్డు ఎక్కువ. ముడి ఉన్ని బరువులో పెద్ద భాగం ఆ జిడ్డే. అందుకే వాళ్లు తెచ్చీ తేగానే మరిగే నీళ్లు, సబ్బు అంటారు. మన దక్కనీ ఉన్నికి జిడ్డు తక్కువ. దుమ్ము, పల్లేరు కాయలు, పెంటికలు ఎక్కువ. వీటిలో ఏదీ సబ్బుకు లొంగేది కాదు. పల్లేరు ముల్లు నీళ్లలో నాని మెత్తబడితే ఇంకా లోపలికి చిక్కుకుంటుంది. పెంటిక నానిందంటే ఉన్నంతా పేడ నీళ్లే. కాబట్టి మన ఉన్నికి సగం కన్నా ఎక్కువ పని నీళ్లు తగలక ముందే అయిపోవాలి. ఆ ఓపిక లేని వాళ్లు ఎన్నిసార్లు ఉతికినా ఒకటే.

డాబా మీద తెల్ల దుప్పటి పరవండి. తెల్లదే ఎందుకంటే నల్ల ఉన్నిలో ఏముందో మరో రంగు మీద కనబడదు. ఉదయం ఎండ ఏటవాలుగా పడేటప్పుడు కూర్చుంటే ముళ్లు నీడతో సహా కనిపిస్తాయి. ఉన్నిని ఉండలా ఎత్తకుండా పరిచినట్టే పరిచి ముందు అంచులు చూడండి. కాళ్ల దగ్గరిది, పొట్ట కిందిది, తోక దగ్గర గట్టిగా పెంటికలు పట్టినది కత్తిరించి పక్కన పెట్టండి. ఇందులో పిసినారితనం పనికిరాదు. నాలుగో వంతు పోయినా పోనివ్వండి.

మిగిలినదాన్ని పిడికెడు పిడికెడుగా తీసి దులపాలి. రెండు చేతులతో పాయను పట్టుకుని అడ్డంగా కొద్దికొద్దిగా విప్పండి, బలంగా లాగకండి. విప్పుతుంటే ఇసుక దుప్పటి మీద చిటపటమని రాలుతుంది. అలా రాలినంత సేపూ నీళ్ల గురించి ఆలోచించకండి. పల్లేరు కాయ కనిపిస్తే ముల్లును పట్టి లాగకూడదు, ముల్లు విరిగి వేలిలో దిగుతుంది. కాయ చుట్టూ ఉన్న పోగులను విప్పితే అదే జారి పడుతుంది. ఉత్తరేణి గింజలు అంత మర్యాదగా రావు. అవి పట్టిన చోట ఆ కుచ్చునే కత్తిరించెయ్యండి. అక్కడక్కడ పిడుదులు కూడా కనిపిస్తాయి, వాటి కోసం పక్కన ఒక గిన్నెలో సబ్బు నీళ్లు పెట్టుకోండి.

ఇంకో రెండు చూడాలి. కత్తెరతో కత్తిరించిన ఉన్నిలో ఒకే చోట రెండోసారి కత్తెర పడ్డ పొట్టి ముక్కలు బాగా ఉంటాయి. అర అంగుళం కూడా లేని ఈ ముక్కలు దారంలో గింజలు గింజలుగా తేలతాయి, వీలైనన్ని ఏరెయ్యండి. రెండోది పాయల కొసలు. ఎండకు నల్ల ఉన్ని కొస గోధుమ రంగుకు తిరిగి పెళుసు బారుతుంది. ఒక పాయను రెండు చివర్లా పట్టి చెవి దగ్గర పెట్టుకుని చటుక్కున లాగండి. గట్టి ఉన్ని టంగుమంటుంది, చెడ్డది చిరిగిన చప్పుడు చేస్తుంది. కొస ఒక్కటే విరిగితే కొసల్ని కత్తిరిస్తే చాలు. మధ్యలో విరిగితే ఆ ఉన్ని వడకడానికి కాదు, దిండుకు పనికొస్తుంది.

ఇప్పుడు నీళ్లు. మా బ్రాడీపేట ఇంట్లో బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. అలాంటి నీళ్లలో బట్టల సబ్బు వాడితే నురగ రాదు సరికదా, తెల్లటి తెట్టు కట్టి ఉన్నికి అంటుకుంటుంది. కుంకుడు రసానికి ఆ గొడవ లేదు, ఏ నీళ్లలోనైనా పని చేస్తుంది. మున్సిపాలిటీ కుళాయి నీళ్లు దొరికితే ఇంకా మేలు. గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చెంచాలు వేసినా ఉన్నికి నష్టం లేదు. చాకలి సోడా, బ్లీచింగ్ పొడి మాత్రం దగ్గరికి రానివ్వకండి. క్షారానికి ఉన్ని పోగు తినేసినట్టు అవుతుంది.

అరకిలో ఉన్నికి రెండు దోసిళ్ల కుంకుడుకాయలు గింజలు తీసి రాత్రే నానబెట్టండి. ఉదయం బాగా పిసికి, పలచని గుడ్డలో రెండుసార్లు వడకట్టండి. ఆ రెండోసారి వడకట్టడం చాదస్తం అనుకోవద్దు. కుంకుడు పిప్పి ఉన్నిలో చేరితే పల్లేరు కాయలు ఏరినంత పని మళ్లీ మొదలవుతుంది. మా అత్తగారికి శీకాయ మీద నమ్మకం ఎక్కువ. తలకైతే సరే గానీ, ఆ పొడి ఉన్నిలోంచి వదలదని నా ఫిర్యాదు.

ఉన్నిని ఉల్లిపాయలు వచ్చే వలసంచుల్లో వదులుగా నింపి మూతి కట్టండి. ముందు మామూలు నీళ్లలో ఒక రాత్రంతా ముంచి ఉంచాలి. తేలకుండా పైన పళ్లెం, దాని మీద ఒక రాయి. తెల్లారేసరికి నీళ్లు చిక్కటి టీ డికాక్షన్‌లా ఉంటాయి. దుమ్ముతో పాటు గొర్రె చెమటలోని ఉప్పులు కూడా ఇలా నానబెట్టడంలోనే కరిగిపోతాయి. వాటిలో పొటాషియం ఎక్కువ కాబట్టి ఆ నీళ్లు పారబోయకండి, పలచన చేసి కొబ్బరి చెట్టు మొదట్లో పొయ్యండి. నీళ్లు మరీ మురికిగా వస్తే ఇంకోసారి నానబెట్టండి. పొరుగువాళ్లు వాసన గురించి అడిగితే నిజం చెప్పెయ్యండి, మధ్యాహ్నానికి పోతుంది.

తర్వాత వేడినీళ్లు. ఉన్ని జిడ్డు 40 డిగ్రీల దగ్గర కరుగుతుంది కాబట్టి నీళ్లు అంతకన్నా బాగా వేడిగా ఉండాలి. థర్మామీటరు లేకపోతే ఇలా చెయ్యండి: మరిగిన నీళ్లు ఒక వంతు, కుళాయి నీళ్లు ఒక వంతు. మన ఊరి కుళాయి నీళ్లతో అది 60 డిగ్రీలకు కాస్త అటూ ఇటూగా వస్తుంది, దక్కనీ ఉన్నికి ధారాళంగా సరిపోతుంది. టబ్బులో ముందు నీళ్లు, అందులో కుంకుడు రసం, చివరికి ఉన్ని. ఉన్ని మీద నీళ్లు పోయకూడదు. సంచిని నెమ్మదిగా అదిమి ముంచి, వదిలెయ్యండి. పిసకడం, రుద్దడం, బండ మీద బాదడం ఏవీ వద్దు. వేడి, సబ్బు, కదలిక మూడూ కలిస్తే పోగు మీదుండే పొలుసులు ఒకదానిలో ఒకటి ఇరుక్కుని ఉన్ని అట్టకడుతుంది. అట్టకట్టిన ఉన్నిని తిరిగి విప్పే ఉపాయం లేదు. చన్నీళ్ల నుంచి వేడినీళ్లకు, వేడినీళ్ల నుంచి చన్నీళ్లకు ఒక్కసారిగా మార్చినా అదే ప్రమాదం. రాత్రంతా నానిన సంచిని ముందు గోరువెచ్చని నీళ్లలో కాసేపు ఉంచి అప్పుడు వేడిలోకి దించండి.

పావుగంట చాలు. ఎక్కువసేపు ఉంచి నీళ్లు చల్లారనిస్తే కరిగిన జిడ్డు మళ్లీ పోగులకే పట్టుకుంటుంది. సంచి ఎత్తి, పిండకుండా నీళ్లు కారనిచ్చి, ఇంకో వేడి కుంకుడు నీళ్లలో దించండి. మూడోసారి అవసరం రాదు. ఎవరైనా నీలగిరి గొర్రె ఉన్ని పంపిస్తే మాత్రం వేడి ఇంకొంచెం పెంచి మరోసారి ఉతకాల్సి వస్తుంది, అది సన్న ఉన్ని, జిడ్డుదీ. జాడింపు నీళ్లు కూడా మొదట వేడిగా, తర్వాత కొంచెం కొంచెం తగ్గిస్తూ తేటగా వచ్చేదాకా. చివరి నీళ్లలో ఒక నిమ్మకాయ పిండండి. ఉప్పునీళ్ల గరుకుదనం తగ్గుతుంది.

వాషింగ్ మెషీన్లో డ్రయ్యర్ ఒక్కటి తిప్పుకోవచ్చు. నీళ్లు లోపలికి రాకుండా, సంచితో సహా, రెండు నిమిషాలు. లేకపోతే తువాలులో చుట్టి అదమండి. ఆరబెట్టడానికి నులక మంచాన్ని మించింది లేదు. పైనా కిందా గాలి తగులుతుంది. మంచం నీడలో వేసి పైన ఒక వల కప్పండి, లేకపోతే కాకులు గూళ్లకు ఎత్తుకుపోతాయి. మన రోహిణి ఎండలో పెడితే త్వరగా ఆరుతుంది నిజమే గానీ పోగు పెళుసవుతుంది. ఈ పని పెట్టుకోవడానికి సంక్రాంతి ముందూ వెనకా మంచి రోజులు. వానాకాలంలో అసలు మొదలుపెట్టకండి. ఉన్ని తన బరువులో మూడో వంతు దాకా తేమ పీల్చుకుని కూడా చేతికి పొడిగానే తగులుతుంది.

ఆరిన ఉన్నిని మళ్లీ వేళ్లతో విప్పండి. మిగిలిన దుమ్ము ఇప్పుడు రాలుతుంది. తర్వాత దువ్వడం. చేతి దువ్వెనలు ఖరీదు అనిపిస్తే పెంపుడు జంతువుల దుకాణంలో కుక్కలకు దువ్వే సన్న తీగల బ్రష్షులు రెండు కొనండి, మొదలుపెట్టడానికి అవి చాలు. ముందుగా ఉన్ని మీద కొబ్బరి నూనె నాలుగు చుక్కలు కలిపిన నీళ్లు పలచగా చిలకరించి ఒక గంట మూత పెట్టి ఉంచితే పోగులు ఎగరవు. ఒక బ్రష్షు మోకాలి మీద పెట్టి, దాని పళ్లకు పలచగా ఉన్ని ఎక్కించి, రెండోదానితో కొసల నుంచి మొదలుపెట్టి లోపలికి దువ్వండి. తీగలు తీగలకు రాసుకునే చప్పుడు వస్తే గట్టిగా నొక్కుతున్నారన్నమాట. నాలుగైదు సార్లు దువ్వాక ఉన్ని అంతా రెండో బ్రష్షు మీదికి వస్తుంది. దాన్ని తీసి పుల్ల చుట్టూ వదులుగా చుట్టి పుల్ల లాగేస్తే ఏకు తయారు. కావాలంటే దువ్వెన లేకుండా చేత్తో విప్పిన ఉన్నినే వడకవచ్చు, దారం కాస్త ఎగుడుదిగుడుగా వస్తుంది.

ఇంట్లో తాతల నాటి రాట్నం ఉంటే దాంతోనే మొదలుపెట్టాలనిపిస్తుంది. 1921లో బెజవాడలో జరిగిన అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం దేశమంతా 20 లక్షల రాట్నాలు తిరగాలని పిలుపునిచ్చింది గానీ, ఆ పిలుపు నూలు కోసం. పత్తి పోగు పొట్టిది కాబట్టి దానికి మెలి ఎక్కువ, వేగం ఎక్కువ కావాలి. ఈ ముతక ఉన్నికి అంత మెలి పడితే దారం తీగలా బిరుసెక్కుతుంది. నూలు వడికే చిన్న చేతి కదురు, తకిలీ, మరీ తేలిక. అరవై గ్రాముల బరువుండే చెక్క కదురు చేయించుకుని, నెమ్మదిగా తిప్పుతూ లావుపాటి దారం తీయండి.

వడకగా మిగిలిన ఉన్నిని గుడ్డ సంచిలో, ఎండిన వేపాకు వేసి దాచుకోండి. వేపాకు చిమ్మెటలను కొంత దూరంగా ఉంచుతుందే తప్ప పట్టిన పురుగును చంపదు. రెండు నెలలకోసారి సంచి విప్పి తెల్ల దుప్పటి మీద దులపండి. ఇసుకలాంటి సన్న గుళికలు, తెగిన పొట్టి పోగులు కనిపిస్తే ఆ సంచిని వెంటనే మిగతావాటికి దూరంగా తీసి, ప్లాస్టిక్ కవరులో చుట్టి వారం రోజులు డీప్ ఫ్రీజర్‌లో పెట్టండి. ఫ్రిజ్‌లో చోటు కోసం ఇంట్లో వాళ్లతో ముందే మాట్లాడుకుని పెట్టుకోండి.