పడమటి ఎండ వాలు మీద పూలు నిలిచాయి: నా అనుభవం

మాది అనంతపురం. ఇంటి వెనక పడమటి ముఖంగా ఎర్రమట్టి వాలు. ఇక్కడ ఏడాదికి 550 మిల్లీమీటర్ల దరిదాపుల్లోనే వాన, పడ్డ ఆ కాస్తకే మట్టి కొట్టుకుపోయేది. లాన్ గడ్డి, చల్లిన బంతి విత్తనాలు, రోజూ పైపుతో తడపడం, ఏదీ వేసవి దాటలేదు.

పనిచేసింది నేలమీద పాకే ఊదాపూల లంటానా. అడవుల్ని ఆక్రమించే ముళ్ల లంటానా ఇది కాదు. నర్సరీలో పాకే రకమే కావాలని గట్టిగా చెప్పండి. కొమ్మ ఎత్తి చూస్తే నేలకు ఆనిన కణుపు కణుపుకీ తెల్లటి వేళ్లు. మట్టిని పట్టేది అవే.

మే చివర్లో వాలుకు అడ్డంగా అడుగున్నర ఎడంతో గుంటలు తీశాను. తవ్విన మట్టిని పల్లం వైపు అర్ధచంద్రాకారంలో గట్టుగా పోశాను, జారే నీళ్లు మొక్క మొదట్లోనే ఆగేలా. అసలు లాభం ఈ గట్లవల్లే వచ్చిందని నా నమ్మకం. గుంటకు గుప్పెడు పశువుల ఎరువు చాలు; బలం ఎక్కువైతే ఆకులే, పూలు తక్కువ. తొలకరి పడ్డాక నాటి, కాడకు తగలకుండా వేరుశనగ పొట్టు పరిచాను. ఖాళీల్లో గడ్డి గులాబీ తుంచి గుచ్చాను. వాన ముఖం చాటేస్తే వారానికోసారి సాయంత్రం, గట్టు లోపలే చెంబెడు నీళ్లు.

నల్లరేగడిలో ఇదే కుదురుతుందని చెప్పలేను. నీరు నిలిస్తే గడ్డి గులాబీ కుళ్లిపోతుంది. లంటానా ఆకు పశువులకు విషం, గొడ్లు, మేకలు తిరిగే చోట మాత్రం వద్దు.