హబ్ గేర్ సైకిల్ మొరాయిస్తే హబ్ విప్పకండి, ముందు కేబుల్ చూడండి

హబ్ గేర్ సైకిల్లో గేర్లన్నీ వెనక చక్రం మధ్యలో ఉండే హబ్ లోపలే ఉంటాయి కాబట్టి దుమ్ము, ఇసుక వాటి జోలికి అంత తేలిగ్గా పోవు, సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నా గేర్ మార్చుకోవచ్చు. నెల్లూరు, ఒంగోలు లాంటి చదునైన ఊళ్ళలో రోజూ డ్యూటీకి వెళ్ళేవాళ్ళకి ఇంతకంటే మంచి సైకిల్ లేదని నా గట్టి అభిప్రాయం. బాధల్లా ఏమిటంటే చిన్న తేడా రాగానే "హబ్ పోయింది సార్" అని విప్పేస్తున్నారు. ఇక్కడ షిమానో కంపెనీ నెక్సస్ హబ్ లెక్కలోనే చెప్తాను.

తొక్కుతుంటే కాలు టక్కున జారుతోంది, ఏదో ఒక గేర్ పడటం లేదు

కేబుల్ సర్దుబాటు తప్పింది. కొత్త సైకిల్లో కొన్నాళ్ళకి కేబుల్ కాస్త సాగడం మామూలే. ఏడు, ఎనిమిది గేర్ల హబ్ అయితే హ్యాండిల్ మీద గేర్ మార్చే షిఫ్టర్‌ని 4లో పెట్టి వెనక చక్రం కుడివైపు వంగి చూడండి. చైన్ పక్కనే రెండు సన్నటి రంగు గీతలు ఉంటాయి, గ్రీజు పట్టి ఉంటే గుడ్డతో తుడిస్తే బయటపడతాయి. ఆ రెండూ సరిగ్గా ఎదురెదురుగా రావాలి, రాకపోతే కేబుల్ చివర వేళ్ళతో తిప్పే అడ్జస్టర్‌ని కొంచెం కొంచెంగా తిప్పండి. తర్వాత 1కి వెళ్ళి మళ్ళీ 4కి వచ్చి ఇంకోసారి చూసుకోండి. మూడు గేర్ల హబ్ అయితే 2లో పెట్టి చూడాలి. జారుతున్న గేర్‌ని అలాగే బలంగా తొక్కితే మాత్రం లోపలి పళ్ళు నిజంగానే పాడవుతాయి.

పంక్చర్ వేయించిన దగ్గర్నుంచీ గేర్లన్నీ గందరగోళం

చక్రం తీసి బిగించేటప్పుడు ఒకటి చక్రం ముందుకో వెనక్కో జరిగి ఉంటుంది, లేదా ఇరుసుకి రెండువైపులా ఉండే నాన్‌టర్న్ వాషర్లు తారుమారై ఉంటాయి. ఇరుసు తిరగకుండా పట్టుకునేవి అవే, కుడి ఎడమలకి రంగు వేరు, అందుకే విప్పే ముందు ఫోన్లో ఒక ఫోటో తీసి పెట్టుకోండి. చైన్ మధ్యలో వేలితో నొక్కితే అర అంగుళం దాకా ఆడాలి. పెడల్ ఒక చుట్టు తిప్పి, చైన్ బాగా బిగుతుగా ఉన్న చోట ఈ కొలత చూడాలి. 15 నంబర్ స్పానర్‌తో నట్లు గట్టిగా బిగించాక గీతలు మళ్ళీ కలపండి.

అసలు చిల్లకంప ముల్లు దిగిన ప్రతిసారీ చక్రం ఊడదీయక్కర్లేదు. సైకిల్ తలకిందులుగా పెట్టి, టైరు ఒక అంచు మాత్రం లేపి, ట్యూబ్‌లో ముల్లు దిగిన జానెడు మేర బయటికి లాగి అక్కడే ప్యాచ్ వేయొచ్చు. మన పంక్చర్ షాపుల్లో పాత సైకిళ్ళకి చేసే పనే ఇది, చక్రం విప్పొద్దని ముందే చెప్పండి చాలు. టైరే మార్చాల్సి వస్తే షిఫ్టర్ 1లో పెట్టి, హబ్ పక్కన కేబుల్ పట్టుకున్న చిన్న కప్పీకి ఉన్న రంధ్రంలో 14 గేజ్ స్పోక్ ముక్క దూర్చి తిప్పితే కేబుల్ వదులై చేత్తోనే ఊడి వస్తుంది.

ఎదురుగాలిలో ఒకటో గేర్ కూడా బరువే

సాయంత్రం మైపాడు వైపు తొక్కితే సముద్రపు గాలి మొహానికి కొడుతుంది, అందులో హబ్ తప్పు లేదు. ముందు పళ్ళచక్రం వెనకదానికి రెండింతల కంటే పెద్దదైతే వెనక ఒకటి రెండు పళ్ళు ఎక్కువున్నది వేయించండి. ఖరీదు తక్కువ, హబ్ లోపలిదేదీ విప్పక్కర్లేదు.

వానలయ్యాక హబ్‌లో గరగర

అక్టోబర్, నవంబర్‌లలో ముసురు పట్టి రోడ్లు మునిగినప్పుడు ఇరుసు దాకా నీళ్ళలో తొక్కితే నీరు లోపలికి పోతుంది. కిరోసిన్, ఇంజిన్ ఆయిల్ పోయకండి, గ్రీజు కొట్టుకుపోతుంది. హబ్ విప్పించాల్సింది ఇక్కడే. తెలిసినవాళ్ళ చేత లోపలి భాగం తీయించి, శుభ్రం చేసి, గ్రీజు పట్టించాలి. నీళ్ళలో దిగకపోయినా రెండేళ్ళకోసారి, బాగా తొక్కితే 5,000 కిలోమీటర్లకోసారి ఈ పని అవసరం. వాటర్ సర్వీసింగ్ గన్ మాత్రం హబ్ మీదికి పెట్టనివ్వకండి.

గేర్ ఒకవైపు వెంటనే పడి, ఇంకోవైపు ఆలస్యంగా పడుతోంది

కొత్తపట్నం లాంటి ఉప్పుగాలి ఊళ్ళలో ఇది తరచూ చూస్తాం. కేబుల్ తొడుగు లోపల తుప్పు పట్టి తీగ ఆడదు. ఆయిల్ వేస్తే నాలుగు రోజులు బాగుంటుంది, మళ్ళీ మొదలు. తీగ, తొడుగు రెండూ కలిపి మార్చేయండి, మార్చాక గీతలు చూసుకోండి.