హమ్మింగ్‌బర్డ్ గొంతు మెరుపును గౌల్డ్ పద్ధతిలో చిత్రించడం

ఆంగ్ల పక్షిశాస్త్రవేత్త జాన్ గౌల్డ్ 1849 నుంచి 1861 వరకు లండన్‌లో వెలువరించిన ఐదు సంపుటాల హమ్మింగ్‌బర్డ్ గ్రంథంలో 360 చిత్రఫలకాలున్నాయి. ఆ బొమ్మలను రాతిమీద గీసి అచ్చువేసి, ప్రతి కాపీకీ చేతితో రంగులద్దారు. ఈ పక్షుల మెరుపు కేవలం వర్ణద్రవ్యం వల్ల వచ్చేది కాదు. ఈక లోపల పొరలుగా అమరిన, గాలి బుడగలున్న మెలనిన్ (ముదురు రంగు పదార్థం) పలకలపై కాంతి పడి తిరిగిరావడం వల్ల పుట్టేది. అందుకే నీటిరంగు ఎంత చిక్కగా వేసినా గొంతు వెలగదు. గౌల్డ్ బంగారు రేకుపై పారదర్శకమైన తైలవర్ణాలను, వార్నిష్‌ను పూయించి ఆ వెలుగును సాధించాడు.

అభ్యాసానికి ఉత్తర అమెరికాకు చెందిన రూబీ త్రోటెడ్ (కెంపురంగు గొంతున్న) జాతి మగపక్షిని, అది తేనె తాగే నారింజరంగు ట్రంపెట్ క్రీపర్ తీగ పూలను ఎంచుకోండి. గౌల్డ్ ఫలకాల్లోని పువ్వు ఆ పక్షి నిజంగా తేనె తాగే పువ్వే అని ప్రతిసారీ నమ్మలేము కనుక, జంటను మీరే సరిచూసుకోవడం మేలు. భంగిమ విషయంలోనూ అంతే: ఆయన చిత్రకారులు ముఖ్యంగా ఈకలతో సహా ఎండబెట్టిన పక్షి చర్మాలను చూసి గీశారు, గౌల్డ్ సైతం సజీవమైన హమ్మింగ్‌బర్డ్‌ను 1857లో అమెరికా వెళ్ళాకనే చూశాడు. మనకు వీడియోలున్నాయి, రెక్క కదలికను వాటిలో నెమ్మదిగా చూడండి.

నునుపైన దళసరి కాగితంపై పక్షిని అసలు పరిమాణంలో, అంటే తొమ్మిది సెంటీమీటర్లకు మించకుండా, పెన్సిల్‌తో గీయండి. పూలు, ఆకులు, పొట్టభాగం నీటిరంగులతో ముందే పూర్తిచేసి ఆరనివ్వండి. ఆ తరువాత గొంతు ఈకల మేరకే జిగురు పలుచగా రాసి, అది అంటుకునే స్థితికి వచ్చినప్పుడు బంగారు రేకును పరచి, మెత్తని కుంచెతో అదిమి, మిగిలిన రేకును దులిపివేయండి.

అసలు కష్టం ఇక్కడే మొదలవుతుంది. నీటిరంగు లోహంపై ముద్దలుగా చీలిపోతుంది కాబట్టి, పారదర్శకమైన అలిజరిన్ క్రిమ్సన్ (ముదురు ఎరుపు) తైలవర్ణాన్ని వార్నిష్‌లో బాగా పలుచన చేసి ఒకే ఒక పొర వేయండి. ఆరాక గొంతు అంచులకు, కంటి కింది నీడకు మాత్రమే రెండో పొర సరిపోతుంది. కాడ్మియం ఎరుపు వంటి కాంతిని ఆపే రంగులు రేకును కప్పేస్తాయి, వాటి జోలికి పోవద్దు. నీలం, ఊదా గొంతులున్న జాతులకు బంగారం పనికిరాదు, దాని పసుపు కలిసి నీలం ఆకుపచ్చగా మారుతుంది. అక్కడ నల్లబడని అల్యూమినియం రేకు వాడండి. చివరగా ఈకల పొలుసులను సన్నని ముదురు గీతలతో, పైవరుస కిందివరుసపై పడేట్టు గీయండి.