కుండీలో వేసిన వానపాములు నిలవడం లేదా?

కుండీలో నాలుగు ఎర్రలు వేస్తే మట్టి దానంతటదే గుల్లబారుతుందని చాలామంది ఆశ. తీరా వేశాక వారానికి ఒక్కటీ కనపడదు. ఎక్కడ తేడా కొట్టిందో లక్షణాన్ని బట్టి చూద్దాం.

సమస్య: వేసిన రాత్రే బయటికి వచ్చేస్తున్నాయి

నా మొదటి కుండీలో జరిగింది ఇదే. పొద్దున లేచి చూస్తే డాబా గచ్చు మీద ఎండిన దారం ముక్కల్లా పడి ఉన్నాయి. వానపాముకు ఊపిరితిత్తులు ఉండవు, తడి చర్మంతోనే గాలి పీలుస్తుంది. మట్టిలో నీళ్లు నిలిచిపోతే గాలి అందక పైకి పాకుతుంది. కాబట్టి ముందు కుండీ అడుగున రంధ్రాలు చూడండి. నా కుండీకి వేర్లూ మట్టీ కలిసి బిరడా బిగించినట్టు మూసేశాయి. పుల్లతో పొడిచి, కుండీని ఇటుక ముక్కల మీద ఎత్తి పెట్టాక నీళ్లు దిగాయి.

నీళ్లు బాగానే దిగుతున్నా పారిపోతుంటే ఎరువును అనుమానించాలి. పచ్చి పేడ కుళ్లేటప్పుడు వేడెక్కుతుంది, అమ్మోనియా వదులుతుంది. వాసన పోయి, చేత్తో నలిపితే పొడిగా రాలే పేడే వాడండి. యూరియా, డీఏపీ గుప్పెడు వేసినా అంతే, ఆ ఘాటును వాటి చర్మం తట్టుకోలేదు. కార్బోఫ్యూరాన్ గుళికలు వేసిన మట్టయితే మార్చేయడమే మేలు.

సమస్య: శివరాత్రి దాటాక ఒక్కటీ మిగలడం లేదు

కారణం ఎండ. ఎరువు తయారుచేసే వానపాములకు 20 నుంచి 30 డిగ్రీలు హాయి, 35 దాటితే కష్టం. శ్లాబు మీద నల్ల ప్లాస్టిక్ కుండీలో మధ్యాహ్నం వేలు పెట్టి చూడండి, మీకే తెలుస్తుంది. కుండీలను నీడకు జరిపి, తడి గోనెపట్టా చుట్టి, మట్టి మీద రెండంగుళాల మందాన ఎండుటాకులు పరచాలి. నేనైతే వేసవిలో వాటిని మెట్ల కింద బకెట్‌లోకి మార్చేసి, తొలకరి పడ్డాకే మళ్లీ కుండీల్లో వేస్తాను.

సమస్య: వానపాములు ఉన్నాయి, మొక్క మాత్రం ఎదగడం లేదు

మనకు అమ్మే ఐసీనియా ఫెటిడా, యూడ్రిలస్ రకాలు పొలం దున్నేవి కావు. కుళ్లే ఆకులు, పేడ తింటూ పైపొరలోనే తిరుగుతాయి. ఉత్త ఎర్రమట్టిలో వేస్తే వాటికి మేత లేదు, మొక్కకు ఎరువూ లేదు. పైన సగం కుళ్లిన ఆకులు, మాగిన పేడ పలచగా వేస్తూ ఉండాలి. అసలు 12 అంగుళాల కంటే చిన్న కుండీలో వానపాములు దండగ అని నా అభిప్రాయం. వాటిని విడిగా తొట్టిలో పెంచి, నెలకో రెండు గుప్పెళ్ల వర్మీ కంపోస్టు కుండీలో కలిపితే చాలు.

సమస్య: వేర్లు కొరుకుతున్నాయి

పాపం, వాటికి పళ్లే లేవు. బతికున్న వేరు జోలికి పోవు. మట్టి తిరగేసి చూడండి. కొడవలిలా వంగిన లావుపాటి తెల్లపురుగు దొరికితే అదే దొంగ, ఏరేయండి. టమాటా, వంగ వేర్లకు బుడిపెలు కనిపిస్తే నులిపురుగులు. ఆ మొక్క తీసేసి, ఆ కుండీలో కొన్నాళ్లు బంతి వేయండి.

సమస్య: చీమలు, కంపు

చీమలు పట్టాయంటే మట్టి ఎండిపోయింది, తడపండి. కంపు కొడితే వంటింటి చెత్త ఎక్కువైంది. తీసేసి, ఎండుటాకులు కలపండి.

సమస్య: తెల్లటి దారాల్లాంటి సన్న పురుగులు

తడి ఎక్కువై, మట్టి పులిసినచోట పుట్టే వేరే రకమివి. హాని చేయవు. నీళ్లు తగ్గించి, గుడ్డు పెంకుల పొడి చల్లండి. వానపాము పిల్లయితే లేతగా ఉన్నా లోపల ఎర్రటి గీత కనపడుతుంది. ఆవగింజ కంటే కాస్త పెద్దగా, బుల్లి నిమ్మకాయల్లా పసుపు, గోధుమ రంగు గింజలు దొరికితే అవి వాటి గుడ్ల సంచులు. ఏరి పారేయకండి.