చేతిపని నేర్చుకుందాం, 4వ పాఠం: చవక పనిముట్టు కొనేముందు

పోయిన పాఠం చివర్లో ఒక కాగితం మీద రాయమన్నాను కదా, వచ్చే ఆరు నెలల్లో మీరు నిజంగా చేయబోయే పనులేమిటో. ఆ కాగితం పక్కన పెట్టుకుని ఇది చదవండి. ఇంకా రాయకపోతే ఐదు నిమిషాలు ఆగి రాసేసి రండి. ఇవాళ్టి పాఠమంతా కొనడం గురించి, ఆ కాగితం లేకుండా కొంటే అక్కర్లేనివే ఎక్కువ ఇంటికొస్తాయి.

చవక పనిముట్లు కొనొద్దని చెప్పడానికి ఈ పాఠం రాయట్లేదు. నా దగ్గరున్న వాటిలో సగానికి పైగా డిస్కౌంట్‌లో కొన్నవే, కొన్ని ఏళ్ల తరబడి బాగా పనిచేస్తున్నాయి. నన్ను బాధపెట్టేది వేరే సంగతి. కొత్తగా నేర్చుకునేవాళ్లు పనికిరాని పనిముట్టు పట్టుకుని, గాటు వంకర పోయినా స్క్రూ తల చెడిపోయినా తప్పు తమ చేతిదే అనుకుంటారు. "నాకీ పని రాదులే" అని వదిలేస్తారు కూడా. బాగా అనుభవమున్న మేస్త్రి చేతికి చెడ్డ ఉలి ఇస్తే రెండు దెబ్బల్లో కనిపెట్టి పక్కన పడేస్తాడు, కానీ కొత్తవాళ్లకి పోల్చుకోవడానికి ఏమీ ఉండదు. లోపం చేతిదా, పనిముట్టుదా అని తేల్చుకోవడం మొదట్లోనే నేర్చుకుంటే ఆ దిగులు ఉండదు.

ముందు పెద్ద సెట్ల సంగతి చూద్దాం, ఎక్కువమంది పడిపోయేది అక్కడే. పెట్టె మీద 150 పీసులు అని రాసి ఉంటుంది, పక్కన కొట్టేసిన పెద్ద ధర, కింద చిన్న ధర. ఆ సంఖ్య పక్కన పెట్టి లోపలున్నవి లెక్కపెట్టండి. గోరంత స్క్రూడ్రైవర్ బిట్లు ఒక్కొక్కటీ ఒక పీసు, ఆలెన్ కీలు (ఆరు మూలల గుంట ఉన్న స్క్రూలు తిప్పే వంపు కడ్డీలు) ఒక్కొక్కటీ ఒక పీసు, సాకెట్లు (బోల్టు తలకి తొడిగి తిప్పేవి) మిల్లీమీటర్ల కొలతలో ఒక వరుస, అంగుళాల కొలతలో ఇంకో వరుస. మీరు విప్పే యంత్రాలన్నీ మెట్రిక్ అయితే ఆ అంగుళాల వరుసని ఒక్కసారి కూడా ముట్టుకోరు. ఇప్పుడు మీ కాగితం తీసి, అందులోని పనులకి ఆ పెట్టెలో ఎన్ని పీసులు కావాలో టిక్కు పెట్టుకుంటూ వెళ్లండి. చాలామందికి పదీ పదిహేను దగ్గరే ఆగిపోతుంది. అదే డబ్బుతో ఆ పదిహేను మంచివి విడిగా వస్తాయా అనేదే మీరు వేసుకోవాల్సిన లెక్క. కొట్టేసిన ధరతో పోల్చుకుంటే ప్రతీదీ కారుచౌకగానే కనిపిస్తుంది.

ఇక అసలు పాఠం. ఏ పనిముట్టు చేతిలోకి తీసుకున్నా ఒకటే ప్రశ్న వేసుకోండి: ఇది మధ్యలో చెడిపోతే నష్టం ఎక్కడ పడుతుంది? పనిముట్టుతోనే పోతుందా, చేస్తున్న పని పాడవుతుందా, ఒంటి మీదకి వస్తుందా?

పనిముట్టుతోనే పోయేవైతే హాయిగా చవకవి కొనుక్కోండి. గోకుడు బిళ్లలు (స్క్రేపర్లు), పాత రంగు గీకే కత్తులు, జిగురు పూసే బ్రష్షులు, చెక్కలు అతికేటప్పుడు బిగించే క్లాంపులు. క్లాంపులైతే ఎన్ని ఉన్నా చాలవు, రెండు ఖరీదైన వాటికంటే ఎనిమిది మామూలువి మేలు. డబ్బా మూతలు తెరవడానికీ, ఎండిన జిగురు ఊడగొట్టడానికీ ఒక చవక ఉలి ఉంటే మంచి ఉలి అంచు బతుకుతుంది. సుత్తిని కూడా ఈ గుంపులోనే వేద్దామనుకున్నాను, కానీ పిడిలోంచి తల ఊడి ఎగిరిపోయే సుత్తి ఒంటి మీదకి వచ్చేదే. సుత్తి కొనేటప్పుడు పిడి పట్టుకుని తలని అటూ ఇటూ కదిపి చూడండి, వెంట్రుకవాసి కదిలినా వద్దు.

రెండో గుంపు దగ్గర కాస్త ఎక్కువసేపు ఉందాం, నేర్చుకునేవాళ్ల మనసు విరిగేది ఇక్కడే.

నేను మొదట్లో కొన్న పానాల సెట్ మెరిసిపోతూ ఉండేది, ప్రతి దాని మీదా క్రోమ్ వెనేడియం అని చెక్కి ఉండేది. ఒకరోజు తుప్పు పట్టిన బోల్టు విప్పుతూ 10 మిల్లీమీటర్ల పానా పెట్టి లాగాను. బోల్టు కదిలినట్టే అనిపించింది, చేతికి ఆ సడలింపు తెలిసింది, వచ్చేస్తోందని సంతోషపడి ఇంకా గట్టిగా లాగాను. తీరా చూస్తే కదిలింది బోల్టు కాదు. పానా నోరు సన్నగా విచ్చుకుంది, బోల్టు తల మీది ఆరు మూలలూ నలిగి గుండ్రంగా అయిపోయాయి, నా వేళ్లకి వెండి పొడిలాంటి ఇనప రజను అంటుకుంది. ఆ తర్వాత దానికి ఏ పానా పట్టలేదు. తలని రంపంతో కోసి, మధ్యలో రంధ్రం చేసి, మిగిలిన ముక్క బయటికి లాగడానికి ఒక పూటంతా పట్టింది. గోటితో పోయేది గొడ్డలిదాకా వచ్చింది. అంతకంటే బాధేమిటంటే చాలాకాలం పాటు నేను లాగిన తీరే తప్పనుకున్నాను. మంచి పానాతో అలాంటి బోల్టునే విప్పినప్పుడుగానీ సంగతి తెలియలేదు.

క్రోమ్ వెనేడియం అనే మాట ఉక్కులో ఏం కలిపారో చెబుతుంది, అంతే. ఆ ఉక్కుని ఎంత వేడి చేశారు, ఎలా చల్లార్చారు, పెళుసుదనం తగ్గడానికి మళ్లీ ఎంత వేడిలో టెంపర్ చేశారు అనే దాని మీదే గట్టిదనం ఆధారపడుతుంది, దాని గురించి ఆ ముద్ర ఏమీ చెప్పదు. మెత్తగా ఉంటే నోరు విచ్చుకుంటుంది, మరీ గట్టిగా ఉంటే పెళుసై పుటుక్కున విరుగుతుంది. కొనేముందు మీరు చూడగలిగినది ఇంకోటుంది: అదే కొలత బోల్టు ఒకటి జేబులో వేసుకెళ్లి పానా నోట్లో పెట్టి వేలితో తిప్పండి. కొద్దిగా ఆడటం మామూలే, కానీ బాగా లొడలొడలాడితే బలమంతా మూలల మీదే పడుతుంది, నా బోల్టు లాగే మూలలు పోతాయి. సాకెట్లైతే పన్నెండు మూలలవాటి కంటే ఆరు మూలలవి తీసుకోండి, అవి బోల్టు ముఖాలని పట్టుకుంటాయి కాబట్టి మూలలు అంత తేలిగ్గా నలగవు.

డ్రిల్ బిట్ల విషయంలో రంగు చూసి మోసపోకండి. బంగారు రంగులో ఉన్నవి టైటేనియం నైట్రైడ్ పూత ఉన్నవి కావచ్చు, ఉత్త రంగూ కావచ్చు. పూత కంటే కింద ఉక్కు ఏమిటనేదే ముఖ్యం. మామూలు కార్బన్ ఉక్కు బిట్టు 200, 250 డిగ్రీల సెల్సియస్ దాటిందంటే మెత్తబడటం మొదలవుతుంది, ఇనుములో రంధ్రం చేసేటప్పుడు కొసన ఆ వేడి ఇట్టే వస్తుంది. హెచ్‌ఎస్‌ఎస్, అంటే హైస్పీడ్ స్టీల్, దాదాపు 600 డిగ్రీల దాకా పదును నిలుపుకుంటుంది. చెక్కకి మాత్రమైతే కార్బన్ ఉక్కువి సరిపోతాయి, ఇనుముకి మాత్రం హెచ్‌ఎస్‌ఎస్ తప్ప వేరేది కొనకండి. ఏ బిట్టునైనా అద్దం పలక మీద దొర్లించి చూడండి, మధ్యలో వెలుతురు ఆడుతున్నట్టు కనిపిస్తే అది వంకరగా ఉన్నట్టు, అది చేసే రంధ్రం కూడా కొలతకంటే పెద్దదవుతుంది.

ఇక కొలిచే పనిముట్లు. వీటిలో చవకది కొనొచ్చు, కానీ పరీక్ష చేయకుండా వాడకూడదు. మూలమట్టం, అంటే మూల సరిగ్గా 90 డిగ్రీలు ఉందో చూసే పనిముట్టు, దాని పరీక్ష ఇప్పుడే చేయండి, కావాల్సింది ఒక చెక్క, సన్నగా చెక్కిన పెన్సిలు. చెక్క అంచు తిన్నగా ఉండాలి, అది ముఖ్యం. మూలమట్టం మందమైన భాగాన్ని ఆ అంచుకి గట్టిగా ఆనించి బ్లేడు వెంట ఒక గీత గీయండి. ఇప్పుడు మూలమట్టాన్ని తిరగేసి, అంటే ఎడమవైపు చూసేది కుడివైపు చూసేలా మార్చి, మొదటి గీత మొదలైన చోటు నుంచే ఇంకో గీత గీయండి. రెండూ ఒకదాని మీద ఒకటి పడితే మూలమట్టం సరిగ్గా ఉన్నట్టు. పైకి పోయేకొద్దీ విడిపోతుంటే, ఆ ఎడంలో సగం దాని తప్పు. 200 మిల్లీమీటర్ల ఎత్తులో గీతల మధ్య 1 మిల్లీమీటరు ఎడం వచ్చిందంటే మూలమట్టం అర మిల్లీమీటరు తప్పు చూపిస్తోంది. తిరగేయడం వల్ల తప్పు రెట్టింపై కనిపిస్తుంది, అందుకే ఇంత చిన్న లోపమైనా కంటికి దొరుకుతుంది. దీంతో ఒక పెట్టె చేస్తే నాలుగు మూలల దగ్గరా నాలుగు అర మిల్లీమీటర్లు కలిసి మూత సరిగ్గా కూర్చోదు, మీరేమో కోత చేతకాలేదనుకుంటారు.

రసమట్టానిదీ (స్పిరిట్ లెవెల్) అదే పద్ధతి: బల్ల మీద పెట్టి బుడగ ఎక్కడుందో చూసి, అదే చోట అటు కొస ఇటు వచ్చేలా తిప్పి పెట్టండి, బుడగ బల్లకి మళ్లీ అదే వైపుకి (మొదట కిటికీ వైపుంటే ఇప్పుడూ కిటికీ వైపుకే) అంతే జరిగితే బల్ల వాలి ఉన్నట్టు, రసమట్టం మంచిదే. బుడగ బల్లకి ఇంకో వైపుకి వెళితే రసమట్టమే తప్పు. ఈ పరీక్షలో నెగ్గిన చవక రసమట్టం ఆ పనికి ఖరీదైనదాంతో సమానం, ధర చూసి అనుమానించక్కర్లేదు. టేపు గురించి ఒక చిన్న మాట: కొసన ఉండే కొక్కెం కాస్త లూజుగా కదులుతుంది, అది లోపం కాదు. లోపలి కొలతకీ బయటి కొలతకీ కొక్కెం మందం సర్దుబాటు కావడానికే అలా చేస్తారు, దాన్ని సుత్తితో బిగగొట్టకండి.

మూడో గుంపు ఒంటి మీదకి వచ్చేవి. ఇక్కడ నేను బేరమాడను, మిమ్మల్నీ ఆడొద్దనే చెబుతాను.

గ్రైండర్ చక్రం తీసుకోండి. 125 మిల్లీమీటర్ల కటింగ్ చక్రం మీద సాధారణంగా నిమిషానికి 12,250 చుట్లు అని ఉంటుంది, ఆ వేగంలో దాని అంచు సెకనుకి 80 మీటర్లు, అంటే గంటకి 288 కిలోమీటర్లు పోతుంది. విరిగితే ముక్క అదే వేగంతో వస్తుంది, అదీ మీ ముఖానికి అడుగు దూరంలోంచి. చక్రం మీద రాసిన వేగం మీ గ్రైండర్ వేగానికి సమానంగానో ఎక్కువగానో ఉండాలి. మధ్యలో ఉండే లోహపు రింగు మీద గడువు తేదీ ఉంటుంది, జిగురుతో అతికిన ఈ చక్రాలకి మామూలుగా తయారైన నాటి నుంచి మూడేళ్లు. కట్టలు కట్టలుగా డిస్కౌంట్‌లో పెట్టినప్పుడు ముందు ఆ రింగు చూడండి, పాత సరుకు వదిలించుకుంటూ ఉండొచ్చు.

కరెంటు పనికి వాడే స్క్రూడ్రైవర్, ప్లయర్ల మీద రెండు త్రికోణాల గుర్తు, 1000 వోల్టులు అనే ముద్ర, ఐఈసీ 60900 అనే ప్రమాణం పేరు ఉండాలి. ఆ ప్రమాణం ప్రకారం వాటిని 10,000 వోల్టుల దగ్గర పరీక్షిస్తారు. పిడికి మందంగా ప్లాస్టిక్ తొడిగినంత మాత్రాన అది ఇన్సులేటెడ్ పనిముట్టు అయిపోదు. మల్టీమీటరుది కూడా అదే కథ, ముఖం మీద క్యాట్ 3 (మెయిన్ బోర్డు లాంటి చోట్ల వాడొచ్చనే భద్రతా శ్రేణి) అని అచ్చు వేయడం తేలిక. వెనక మూత తీసి ఫ్యూజు చూడండి, మంచి మీటర్లలో పెద్ద ప్రవాహాన్ని ఆపగలిగే, ఇసుక నింపిన సిరామిక్ ఫ్యూజు ఉంటుంది. సన్నటి గాజు ఫ్యూజు కనిపిస్తే ఆ మీటరు బ్యాటరీల దగ్గరే ఉంచండి, మెయిన్ బోర్డు దగ్గరికి తీసుకెళ్లకండి.

బండి కింద పెట్టే స్టాండ్లు మరీ జాగ్రత్త. 2020లో అమెరికాలో ఒక పెద్ద చవక పనిముట్ల సంస్థ జాక్ స్టాండ్లని వెనక్కి పిలిచింది, పళ్లు సరిగ్గా పట్టక స్టాండు ఉన్నట్టుండి కిందకి దిగిపోయే ప్రమాదం ఉందని. వాటికి బదులిచ్చిన కొత్త స్టాండ్లలో కొన్నింటిని కూడా వెల్డింగ్ లోపం వల్ల అదే ఏడాది మళ్లీ వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. కింద పడుకున్న మనిషి ఊపిరి ఆ వెల్డింగ్ మీద ఆధారపడి ఉంటుంది. స్టాండు కొన్నాక దాని మోడల్ నంబరు వెతికి, వెనక్కి పిలిచిన జాబితాలో ఉందేమో చూసుకోండి.

బ్యాటరీ డ్రిల్లు గురించి త్వరగా చెప్పేస్తాను, దానికి వేరే పాఠం ఉంది. 18 వోల్టులూ "20 వోల్టులు మ్యాక్స్" రెండూ ఒకటే. లోపల అవే ఐదు సెల్లులు, ఒక్కోటి 3.6 వోల్టులని లెక్కేస్తే 18, పూర్తిగా ఛార్జ్ అయినప్పటి అంకె చెబితే దాదాపు 20. పోల్చాలంటే వోల్టుల్ని ఆంపియర్ అవర్లతో గుణించండి. 18 వోల్టుల 2 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో 36 వాట్ అవర్లు, 4 ఆంపియర్ అవర్లదైతే 72. డ్రిల్లు చవకగా ఇచ్చి బ్యాటరీ దగ్గర వసూలు చేయడం మామూలే, అందుకే డ్రిల్లు ధర చూసే ముందు విడి బ్యాటరీ ధర చూడండి. లేకపోతే తర్వాత ఖర్చు తడిసి మోపెడవుతుంది.

"ముందు చవకది కొను, అరిగిపోతే మంచిది కొను" అని చాలామంది చెబుతారు. మొదటి గుంపుకి ఆ మాట నూటికి నూరుపాళ్లు నిజం. రెండో గుంపుకి సగమే నిజం, ఎందుకంటే ఆ పనిముట్టు అరిగేలోపు ఎన్ని బోల్టులు, ఎంత మీ ధైర్యం అరిగిపోతాయో ఆ లెక్కలో లేదు. అక్కడ నేనైతే వాడిన పాత మంచి సరుకు వెతుకుతాను. పైన తుప్పున్నా ఉలికీ వైసుకీ (ముక్కని బిగించి పట్టే సాధనం) నష్టం లేదు, పగుళ్లు మాత్రం ఉండకూడదు. మూడో గుంపుకి ఆ మాట అసలు వర్తించదు.

ఈ వారం అభ్యాసం. మీ కాగితంలోని పనులకి కావాల్సిన పనిముట్లు రాసి, ప్రతి దాని పక్కన "పనిముట్టు", "పని", "ఒళ్లు" అని మూడింట్లో ఒకటి రాయండి. సందేహం వస్తే నష్టం ఎక్కువున్నదాన్నే రాయండి. ఇంట్లో ఉన్న మూలమట్టం, రసమట్టం రెండింటికీ పైన చెప్పిన పరీక్ష చేసి, ఎంత తప్పు వచ్చిందో చిన్న చీటీ మీద రాసి వాటికే అంటించండి. ఇదివరకు చెడిపోయిన పని ఏదైనా గుర్తుంటే, దానికి వాడిన పనిముట్టుని కూడా ఇప్పుడు తీసి పరీక్షించండి.

5వ పాఠంలో సాన పట్టడం. ఉలి కోసం ఇప్పుడే డబ్బులు పెట్టకండి, ఇంట్లో మొండిబారిన చవక ఉలి ఉంటే తీసి ఉంచండి. మెత్తటి ఉక్కు కాబట్టి రాయి మీద తొందరగా అరుగుతుంది, మొదటి వారమంతా దాని మీదే నేర్చుకుంటాం.