యానిమేతో జపనీస్ – 7వ పాఠం: మన ‘లో’తో వచ్చిన చిక్కు

పోయిన పాఠంలో పార్టికల్స్ పట్టిక ఇచ్చా కదా, వ, గ, ఒ, ని, దె, తొ, నొ, కర, మదె అని ఒక పక్క రాసి, ఎదురుగా మన ప్రత్యయాలు పెట్టి. ఆ తర్వాత మీరు రాసి పంపిన వాక్యాలన్నీ కూర్చుని చదివా. లెక్కప్రకారం ఇవాళ ‘తె’ రూపం (మన ‘కొని’, ‘ఎగిరి’ లాంటి క్రియారూపం) మొదలవ్వాలి, దాన్ని వచ్చే పాఠానికి జరిపేశా, ఎందుకంటే పార్టికల్స్ ఇలా కలగాపులగంగా ఉండగా క్రియల్లోకి దిగితే ఏ వాక్యమూ నిలబడదు. కాబట్టి ఈ పాఠం మొత్తం దిద్దుబాటే.

ముందు త్వరగా తేలిపోయేవి చూద్దాం.

ఎక్కువమంది పడ్డది ‘ని’ దగ్గర. మన ‘ని’ వేరు, జపనీస్ ‘ని’ వేరు, శబ్దం ఒకటే కావడం మన ఖర్మ. అన్నకి ఇచ్చాను అంటే అని ని అగెత. అన్నని పిలిచాను అంటే అని ఒ యొంద. అంటే జపనీస్ ‘ని’ మన ‘కి’, మన ‘ని’ జపనీస్ ‘ఒ’. ఇది నోటికి రావాలంటే ‘కిమి ని తొదొకె’ అనే మాంగా (జపనీస్ కామిక్స్) పేరు పట్టుకోండి. కిమి అంటే నువ్వు, కిమి ని అంటే నీకు, తొదొకె అంటే చేరు. నీకు చేరాలి అనే భావం. ఆ పేరు రోజుకి నాలుగుసార్లు అనుకుంటే ఈ గొడవ దానంతటదే సర్దుకుంటుంది.

రెండోది ‘ఒ’ ఎగ్గొట్టడం. ఇది ఎందుకొస్తుందో తెలుసు, మనం ప్రాణం లేని వస్తువులకి ‘ని’ పెట్టం. పుస్తకం చదివా అంటాం, పుస్తకాన్ని చదివా అని మామూలు మాటల్లో అనం. అదే అలవాటుతో రింగొ తబెత (యాపిల్ తిన్నా) అని రాసేశారు. దానికి తోడు యానిమేలో కూడా నిజంగానే ఎగ్గొడతారు, కొరె తబెరు? (ఇది తింటావా?) అని అంటారు, అది విని అవసరం లేదనుకున్నారు. ఇక్కడ ఒక్క విషయం గుర్తుంచుకోండి, దగ్గరివాళ్ల మధ్య మాటల్లో రాలిపోయేవి వ, గ, ఒ, అప్పుడప్పుడు వెళ్లడం రావడం దగ్గర ‘ని’. దె, కర, మదె మాత్రం రాలవు, అవి పోతే అర్థమే పోతుంది. మీరు ఇంకో ఆరు నెలలపాటు ఏదీ రాల్చకండి. రింగొ ఒ తబెత అని పూర్తిగా రాయండి, పూర్తిగా అనండి.

మూడోది ‘నాకు’. నాకు సుషి ఇష్టం అనడానికి వతషి ని సుషి గ సుకి అని రాశారు. తప్పు, వతషి వ సుషి గ సుకి. మిగతాదంతా బాగా రాశారు, సుషి పక్కన ‘గ’ పెట్టారు చూడండి, అది ఇంగ్లీషు మీదుగా నేర్చుకునేవాళ్లకి నెలల తరబడి ఒంటబట్టదు, ఎందుకంటే వాళ్ల లెక్కలో సుషి కర్మ. మన లెక్కలో నాకు సుషి ఇష్టం అన్నప్పుడు సుషికి ఏ ప్రత్యయమూ ఉండదు, అది కర్తలాగే నిలబడుతుంది. అర్థమవడం (వకరు), కనిపించడం (మిఎరు), వినిపించడం (కికొఎరు), కావాలి (హొషీ), అన్నీ ఇదే తీరు. 1993లో జిబ్లి యానిమే స్టూడియో వాళ్లు టీవీ కోసం తీసిన సినిమా పేరు ‘ఉమి గ కికొఎరు’, అంటే సముద్రం వినిపిస్తోంది. తెలుగులో ఎలా ఉందో అక్కడా అలాగే ఉంది, మధ్యలో ఒక్క ‘గ’ పెడితే సరి. నాకు అన్నచోట మాత్రం వతషి వ అనండి, లేదా అసలు ఏమీ అనకండి. వకరు దగ్గర ‘ని వ’ కలిపి వాడే చోట్లు ఉన్నాయి గానీ ఇప్పుడు వాటి జోలికి పోవద్దు.

నాలుగోది అవ్వడం. వన్ పీస్ యానిమే చూసినవాళ్లందరికీ దాని హీరో లూఫీ మాట కంఠతా వచ్చి ఉంటుంది, కైజొకుఓ ని ఒరె వ నరు. పైరేట్ల రాజునవుతా అని. మామూలు వరుసలో అయితే ఒరె వ కైజొకుఓ ని నరు, అతను ఊపుమీద ముందుకి లాగి చెప్తాడు. అక్కడ ‘ని’ ఉంది కదా. మనం డాక్టర్ అవుతా అంటాం, డాక్టర్‌కి అవుతా అనం, అందుకే మీరందరూ ఆ ‘ని’ వదిలేశారు. నరు ముందు ఏం అవుతున్నామో దానికి ‘ని’ ఉండాల్సిందే. ఒరె (నేను అనడానికి మోటు మాట) మాత్రం లూఫీకి వదిలేయండి, మీరు వతషి అనే అనండి.

ఇప్పుడు అసలు విషయం, ‘లో’.

పట్టికలో నేను ‘లో’ ఎదురుగా ని, దె రెండూ రాశా. సగంమంది అన్నిచోట్లా ‘ని’ పెట్టారు, మిగతా సగం అన్నిచోట్లా ‘దె’ పెట్టారు, కొంతమంది ఎక్కడో చదివిన సూత్రం పట్టుకొచ్చారు, కదలకుండా ఉంటే ‘ని’, కదిలితే ‘దె’ అని. ఈ సూత్రం చూస్తే నాకు ఒళ్లు మండుతుంది, ఎందుకంటే ఇది మొదటి రెండు ఉదాహరణలకి సరిపోయి మూడోదాని దగ్గర ముంచేస్తుంది. ఉచి ని ఇరు (ఇంట్లో ఉన్నా), ఉచి దె తబెరు (ఇంట్లో తింటా), ఇంతవరకు బాగుంది. మరి స్టేషన్‌లో ఎదురుచూస్తా అంటే? ఎదురుచూసేవాడు కదలడు, అయినా ఎకి దె మత్సు, దె పడింది. నీళ్లలోకి దూకడం అంటే? అంతకన్నా కదలిక ఏముంటుంది, అయినా మిజు ని తొబికొము, ని పడింది. కాబట్టి కదలిక సంగతి మర్చిపోండి.

నేను వాడే కిటుకు ఇది. ‘లో’ ఉన్నచోట ‘లో ఉండి’ అని పెట్టి చూడండి. వాక్యం చెడకుండా నిలబడితే ‘దె’. అతకకపోతే ‘ని’.

ఇంట్లో ఉండి తిన్నా. నిలబడింది, ఉచి దె తబెత. స్టేషన్‌లో ఉండి ఎదురుచూశా, నిలబడింది, ఎకి దె మత్త. కుర్చీలో ఉండి కూర్చున్నా, అతకలేదు, కాబట్టి ఇసు ని సువత్త. పెట్టెలో ఉండి పెట్టా, పెట్టేవాడు పెట్టెలో లేడు కదా, అతకలేదు, హకొ ని ఇరెత. నీళ్లలో ఉండి దూకా, అతకలేదు, ని. ఇంట్లో ఉండి ఉన్నా, ఇదీ అతకదు, ని. అసలు జరిగేది ఏంటంటే, ముందు ఒక చోటు ఉండి, ఆ చోటుని అరుగులా చేసుకుని దాని మీద ఒక పని నడిస్తే ‘దె’. పని వెళ్లి ఆ చోటునే తాకితే, అక్కడే దిగితే, లేదా అక్కడ ఉండటమే విషయమైతే ‘ని’.

మీకు ఇది ఒక్క వాక్యంలో రెండూ చూపిస్తా. లైబ్రరీలో నోట్‌బుక్‌లో రాశా. రెండు ‘లో’లు, మన చెవికి రెండూ ఒకటే. లైబ్రరీలో ఉండి రాశా, సరే, దె. నోట్‌బుక్‌లో ఉండి రాశా, కుదరదు, ని. తొషొకన్ దె నోతొ ని కైత. ఈ వాక్యం మీ గోడ మీద రాసి పెట్టుకోండి, నిజంగానే అంటున్నా.

ఇంకో జత. హైదరాబాద్‌లో ఉంటున్నా, హైదరాబాద్‌లో పనిచేస్తున్నా. నివసించడం, అంటే సుము, దానికి ‘ని’, హైదరాబాదొ ని సుందె ఇరు. పనిచేయడం, హతరకు, దానికి ‘దె’, హైదరాబాదొ దె హతరైతె ఇరు. ఇద్దరు మనుషులు కలిస్తే మొదటి ఐదు నిమిషాల్లో చెప్పుకునే మాటలే ఇవి రెండూ, వీటిలో తప్పు పోతే బాగోదు.

పేర్లతో నేర్చుకోవడం నాకు బాగా పనికొస్తుంది, కాబట్టి రెండు పేర్లు పక్కపక్కన పెడతా. 2016లో వచ్చిన సినిమా ‘కొనొ సెకై నొ కతసుమి ని’, యుద్ధకాలంలో హిరొషిమ దగ్గరి కురె ఊళ్లో కాపురం చేసే అమ్మాయి కథ. కొనొ సెకై అంటే ఈ లోకం, కతసుమి అంటే ఓ మూల. ఈ లోకపు ఓ మూలలో. రెండోది ఎవాంగెలియన్ అనే యానిమే టీవీ సిరీస్ చివరి ఎపిసోడ్ పేరు, 1996 మార్చిలో వచ్చింది, ‘సెకై నొ చూషిన్ దె ఐ ఒ సకెంద కెమొనొ’. చూషిన్ అంటే నడిమధ్య, సకెంద అంటే అరిచిన, కెమొనొ అంటే మృగం. లోకం నడిమధ్యలో ఐని (ప్రేమని) అరిచిన మృగం. పదాల వరుస చూశారా, అరిచిన మృగం, సకెంద కెమొనొ, ఒక్క మాట కూడా అటూ ఇటూ జరపక్కర్లేదు. సరే, ‘లో’ దగ్గరికి వద్దాం. రెండిట్లోనూ లోకమే, రెండిట్లోనూ మనకి ‘లో’నే. రెండోదాంట్లో అరవడం అనే పని ఉంది, నడిమధ్యలో ఉండి అరిచింది, అందుకే దె. మొదటిదాంట్లో క్రియే లేదు, కానీ చివర ‘ని’ వినగానే జపనీస్ వాళ్లకి ఆ మూలలో ఎవరో ఉన్నారు అనే తోస్తుంది. అదే చివర ‘దె’ పెడితే ఆ మూలలో ఉండి ఎవరో ఏదో చేశారు అని, మిగతా వాక్యం కోసం చూస్తారు. ఒక్క అక్షరం తేడాతో సినిమా పేరు మొత్తం వేరే అయిపోతుంది. నేను సినిమా మొదటిసారి చూసినప్పటికంటే ఈ పేరులో ‘ని’ ఎందుకుందో తెలిశాక చూసినప్పుడే ఎక్కువ నచ్చింది.

ఈ కిటుకుకి లొంగని చోట్లు మూడున్నాయి.

ఒకటి, ఉంది అనే మాట. విజయవాడలో గుడి ఉంది, విజయవాడలో పెళ్లి ఉంది. రెండిట్లోనూ ఉంది, రెండిట్లోనూ అరు. కానీ గుడికి ‘ని’, పెళ్లికి ‘దె’. విజయవాడ దె కెక్కొన్‌షికి గ అరు. ‘ఉంది’ బదులు ‘జరుగుతుంది’ పెట్టి చూడండి, గుడి జరగదు, పెళ్లి జరుగుతుంది. జరిగేదైతే దె. యానిమేలో స్కూల్ ఫెస్టివల్ ఎపిసోడ్, మత్సురి (జాతర) ఎపిసోడ్ ఏదో ఒకటి తగలకుండా ఉండదు కాబట్టి ఇది తరచూ వినపడుతుంది.

రెండు, బస్సులో వెళ్లా. ఇది చోటు కాదు, సాధనం. మనలో చాలామంది బస్సు మీద వచ్చా అంటారు కూడా. బసు దె ఇత్త. చాప్‌స్టిక్స్‌తో తిన్నా, హషి దె తబెత, అదే ‘దె’. స్నేహితుడితో తిన్నా అంటే మాత్రం తొమొదచి తొ తబెత. ‘యొత్సుబ తొ!’ అనే మాంగా పేరులో ఉన్న ‘తొ’ అదే, యొత్సుబతో అని.

మూడు, ఆకాశంలో ఎగిరింది. ఇక్కడ ‘ని’ కాదు, ‘దె’ కాదు, సొర ఒ తొబు. ‘లో’ తీసేసి ‘గుండా’ పెడితే సరిపోయేచోట ‘ఒ’. పార్కు గుండా నడిచా, కోఎన్ ఒ అరుఇత. పార్కులో ఆడుకున్నా అంటే అక్కడ ఉండి ఆడటం, కోఎన్ దె అసొంద. 2006 నాటి ‘తొకి ఒ కకెరు షోజొ’ సినిమా పేరులో ‘ఒ’ కూడా ఇదే, కాలం గుండా దూసుకెళ్లే అమ్మాయి.

ఒక హెచ్చరిక, చెవితో వింటున్నప్పుడు వినపడ్డ ప్రతి ‘దె’ పార్టికల్ కాదు. యొందె, అసొందె, తొందె, ఇవి క్రియల తె రూపాలు, వచ్చే పాఠం. అందుకే పార్టికల్స్ కోసం నేను యానిమే కంటే మాంగానే వాడమంటా. కాంజీల (చైనా నుంచి వచ్చిన అక్షరాల) మధ్య ఒంటరిగా నిలబడ్డ హిరగాన (శబ్దాన్ని రాసే జపనీస్ లిపి) అక్షరం కంటికి కొట్టొచ్చినట్టు కనపడుతుంది, పక్కన ఫురిగాన (కాంజీని ఎలా పలకాలో చెప్పే చిన్న అక్షరాలు) ఉంటే చదవడమూ కష్టం కాదు. మొదటి మాంగా ఏదంటే మళ్లీ యొత్సుబ తొ అనే అంటా, అందులో ఉండేవి ఇల్లు, పార్కు, కొట్టు, మనకి కావాల్సిన చోట్లన్నీ అవే.

ఈసారి అభ్యాసం కాస్త బరువే. ఒక మాంగా అధ్యాయం తీసుకుని అందులో వచ్చే ప్రతి ని, ప్రతి దె పెన్సిల్‌తో చుట్టండి. ప్రతిదానికీ దాని క్రియ వెతికి నోట్‌బుక్‌లో రాయండి, పక్కన ఏ కిటుకుతో తేలిందో రాయండి, ఉండి, జరుగుతుంది, గుండా, సాధనం, కి, అవ్వడం. ఏ కిటుకుకీ లొంగనివి విడిగా రాసి పెట్టండి, నాకు కావాల్సింది ముఖ్యంగా అవే.

తర్వాత ఇవి జపనీస్‌లోకి మార్చండి. మా స్కూల్లో పెద్ద చెట్టు ఉంది. రేపు మా స్కూల్లో పరీక్ష ఉంది. పిల్లి పెట్టెలో దూరింది. పిల్లి పెట్టెలో నిద్రపోయింది. తమ్ముడు ట్రైన్‌లో మాంగా చదివాడు. తమ్ముడు ట్రైన్‌లో తోక్యో వెళ్లాడు. చెన్నైలో కొని గుంటూరులో అమ్మకి ఇచ్చా. పక్షి ఆకాశంలో ఎగిరి చెట్టులో దాక్కుంది. ట్రైన్ వాక్యాలు రెండూ ఒకే పార్టికల్‌తో వస్తాయి, కానీ కారణం వేరు, ఆ కారణం కూడా రాయాలి. ‘కొని’, ‘ఎగిరి’ దగ్గర తె రూపం ఇంకా రాదు కాబట్టి ప్రస్తుతానికి రెండు వాక్యాలుగా విడగొట్టుకోండి. అన్నిట్లోనూ క్రియ కింద గీత గీసి పంపండి, గీత లేనివి నేను దిద్దను, ఎందుకంటే క్రియ చూడకుండా పెట్టిన పార్టికల్ సరిగ్గా పడినా అది గాలివాటమే.